పన్నెండో గిన్నె

అరండల్‌పేట పదో లైన్లో మా కర్రీ పాయింటు.
పొద్దున ఎనిమిదింటికల్లా
పదకొండు గిన్నెలు ఎర్రగా కుతకుతలాడుతుంటాయి.
పన్నెండోది మాత్రం తెల్లబోయి కూర్చుంటుంది
వెనకపొయ్యి మీద.

అది మజ్జిగది.
మజ్జిగంటే మా కుక్క.
నీళ్లెక్కువైన మజ్జిగ రంగు, అందుకని.

నాలుగేళ్లు దానికి మిగిలిందే పెట్టాను.
అడుగంటిన గోంగూర,
అమ్ముడుపోని చేపల పులుసు,
కోడికూరలో ఏరిన ఎముకలు.
తోక ఊపేది.
ఊపుతుంటే ఇష్టమనుకున్నాను.
అది ఆకలని ఎవరు చెప్తారు?

కార్తీకం వెళ్లాక వీపు మీద బొచ్చంతా ఊడింది.
గోక్కుని గోక్కుని నెత్తురు.
పశువులాసుపత్రి డాక్టరమ్మ చెవులు తిప్పి చూసి
"ఏం పెడుతున్నారు?" అంది.
చెప్పాను.
చీటీ మీద మందులకంటే వద్దులే ఎక్కువ రాసింది.
ఉల్లిపాయ వద్దు, వెల్లుల్లి వద్దు,
కారం, మసాలా, ఉప్పు వద్దు,
ఉడికిన ఎముక అసలొద్దు.
ఆటోలో కూర్చున్నాక
ఆ చీటీ మళ్లీ చదువుకున్నాను.
ఇవన్నీ తీసేస్తే
గుంటూర్లో ఇంక వంటనేది ఏం మిగిలినట్టు?

మొదటిరోజు చేతులు మాట వినలేదు.
అన్నం ఉడుకుతుండగానే
వెల్లుల్లి రెబ్బ దానంతటదే గోటికిందికొచ్చింది.
మస్తానమ్మ మణికట్టు పట్టుకుంది,
"అక్కా, పోపు ఎవరికి?"

ఇప్పుడు కుదిరింది.
చారెడు బియ్యం, మెత్తగా.
గుమ్మడిచెక్క, ఒక క్యారెట్టు, నాలుగు బీన్సు సన్నగా తరిగి.
కోడిమాంసం ఉత్త నీళ్లలో ఉడికించి, ఆరబెట్టి,
వేళ్లతో చీల్చి, ఒక్కో ముక్కా నలిపి చూస్తాను
పుల్లంత ఎముకైనా దాక్కుందేమోనని.
చిన్నప్పుడు మా అమ్మాయికి చేపముల్లు తీసేటప్పుడు కూడా
ఇంత చూడలేదు.
ఈ మాట దానికి చెప్పకండి.

వండటం కాదు కష్టం.
చేతులు.
ముప్పై ఏళ్ల మిరపకారం నా గోళ్లలో ఇంకి ఉంది.
సబ్బుతో కడిగి, శనగపిండితో రుద్ది, పెరుగు రాసి,
చూపుడువేలు కంటికింద ఆనించుకుంటాను.
మండకపోతేనే ఆ గిన్నె ముట్టేది.

రుచి చూడకుండా ఏ కూరా దించలేదు జన్మలో.
దీన్నీ చూశాను.
ముందు నాలుకకి ఏమీ తగల్లేదు.
చాలాసేపటికి, ఎక్కడో అడుగున,
గుమ్మడికాయ తగిలింది.
గుమ్మడికాయకి ఆ తీపి ఉంటుందని
యాభై మూడేళ్లకి తెలిసింది నాకు.

మా అత్తకి ఒక మాట ఉండేది.
పెళ్లైన కొత్తలో నా కూర చప్పగా ఉందని
కంచం జరిపేసి "కుక్క కూడు" అనేది.
ఆ మాటకే నేను కారం నేర్చుకున్నాను.
లాయర్లూ, కాలేజీ పిల్లలూ, మిర్చి యార్డు గుమాస్తాలూ
వరస కట్టి కొనుక్కుపోయే కారం.

నిన్న టైపు ఇనిస్టిట్యూటు విక్టర్ మాస్టారు వచ్చి
ఎప్పుడూ కొనే దొండకాయ వేపుడు వద్దన్నాడు.
పొట్ట మీద చెయ్యేసుకుని
వెనకపొయ్యి వైపు గడ్డం ఎగరేశాడు.
"అదేంటమ్మా, ఘాటు లేకుండా ఉడుకుతోంది?"
"కుక్క కూడండీ" అన్నాను.
ఇన్నేళ్లలో మొదటిసారి
ఆ మాటకి నోరు మండలేదు.
"ఓ పాకెట్టు కట్టవూ" అన్నాడాయన.
కట్టలేదు. దానికి లెక్కగా వండుతాను.
రేపు ఇంకో చారెడు ఎక్కువ పోస్తాలెండి అని పంపాను.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక
మజ్జిగ వచ్చి ముందు నా వేళ్లు వాసన చూస్తుంది.
ఒక్కోవేలూ.
నమ్మకం కుదిరాక గిన్నెలో మూతి పెడుతుంది.
వీపు మీద కొత్త బొచ్చు, పెసరగింజంత పొడుగు.

తినేటప్పుడు తోక ఊపడం మానేసింది.
తీరిక లేదు దానికి.